కోళ్ళగూటికి నాలుగు స్ప్రింగులు

నా ఉద్యోగం బరువులు కట్టడం. గల్ఫులో, రువైస్ రిఫైనరీలో పద్దెనిమిదేళ్ళుగా రిగ్గింగ్ ఫోర్‌మాన్‌ని. క్రేను లేపే పంపులూ, ట్రైలరెక్కే పైపులూ నేను చూసి ఊఁ అన్నాకే కదలాలి. కదలాలి అంటే బండి కదలాలి, దానిమీది బరువు కాదు. బరువు వెంట్రుకవాసి కూడా కదలకూడదు. గొలుసు బిగించాక నేను వెళ్ళి బూటుతో ఒక తన్ను తన్ని చూస్తాను. రాయిలా నిలబడితే సరే. కాస్త ఊగిందా, కట్టినవాడికి ఆ పూట నా చేత తిట్లు తప్పవు. "హిల్‌నా నహీ చాహియే", కదలకూడదు, అన్న మాటని నా వెనకాల నా గొంతుతోనే అని సైట్లో నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోనీ. ఇన్నేళ్ళలో నేను కట్టించిన బరువు ఒక్కటీ దారిలో జారలేదు.

అలాంటిది, నా సొంత బండి మీద నేను నా చేతులతో బిగించిన పెట్టె సిలా రోడ్డు మీద పట్టపగలు, మా ఆవిడ చూస్తుండగా ఊడింది. అది ఎందుకు ఊడిందో చెప్పాలంటే ముందు ఆవిడ నిద్ర సంగతి చెప్పాలి.

మా ఆవిడ నర్సు. నరసాపురం దగ్గర మా ఊరి చర్చిలో పెళ్ళయిన మూడో ఏడు నుంచీ ఇద్దరం ఈ దేశంలోనే ఉన్నాం. ఇద్దరికీ షిఫ్టులే కాబట్టి మా కాపురంలో సగం వంటింటి తలుపుకు అంటించిన చీటీల మీదే నడిచింది. 2020లో ఆవిడ ఆసుపత్రిలో ఒక అంతస్తు మొత్తాన్ని కోవిడ్ వార్డు చేశారు. ఆవిడను అందులో వేశారు. ఏడాది పైన అందులోనే ఉంది. ఇంటికొస్తే వేరే గదిలో ఉండేది. నేను కంచం గుమ్మం దగ్గర పెట్టి, తలుపు కొట్టి, పక్కకి తప్పుకునేవాణ్ణి. వార్డులో ఏం చూసిందో ఆవిడ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఏమంటుందోనని నా భయం నాది.

తర్వాత వార్డు మూసేశారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. మా ఆవిడకి సరిగ్గా అప్పట్నుంచే నిద్ర కరువైంది.

పడుకునేది. కళ్ళు మూసుకునేది. గంట తిరక్కుండా లేచి కూర్చునేది. కాసేపటికి చూస్తే ఉతికిన బట్టలు విప్పి మళ్ళీ మడతలు పెడుతూ ఉండేది. నేను ఊరుకునే మనిషిని కాదు కదా. కిటికీలకు నల్ల పరదాలు బిగించాను. చప్పుడు చేస్తోందని సీలింగు ఫ్యాను తీసేశాను. ఫోన్లు వంటింట్లో పెట్టించాను. ఆవిడ పక్కన కదిలితే ఎక్కడ మెలకువ వస్తుందోనని కొయ్యలా బిగుసుకుని పడుకునేవాణ్ణి. ఇన్ని చేసినా ఫలితం లేదు. పైగా "పట్టిందా?" అని అడిగి, అప్పుడే కళ్ళు మూతపడిన మనిషిని లేపిన ఘనత కూడా నాదే.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, కుర్చీలో కూర్చుని, చెప్పులు కూడా విప్పకుండా చెప్పింది. సిరంజిలో ఎక్కించాల్సిన దానికి రెండింతలు మందు తీసిందట. మంచం దగ్గరికి వెళ్ళాక, సూది పెట్టబోయే ముందు చూసుకుందట. పారబోసి, తానే వెళ్ళి పైవాళ్ళకు చెప్పుకుందట.

"ఎవరికీ ఏం కాలేదు కదా" అన్నాను.

"కాలేదు. అయ్యుంటే?" అంది. "ఒక మనిషి పేణం చేతిలో పెట్టుకుని నిద్దరమొహంతో నిలబడలేనండీ. ఇది నావల్ల కాదనిపించిన్నాడు మానేస్తాను."

ఆవిడ ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. ఇరవై రెండేళ్ళుగా ఆ పని చేస్తోంది. మార్కెట్లో చేపలు బేరం చేస్తూ కూడా అమ్మేవాడి చేతి నరం చూసి "నీకు సెలైను ఎక్కించడం తేలిక" అనే మనిషి. ఆ పని లేకపోతే ఆవిడ ఎలా ఉంటుందో నాకు ఊహకు అందలేదు. ఇప్పుడూ అందదు.

ఆ సమయంలోనే మా కంపెనీలో ఒక విదేశీ ఇంజనీరు పని ముగించుకుని వెళ్ళిపోతూ తన పికప్ అమ్మాడు. ఆ పికప్ తొట్టిలో ఒక పెట్టె ఉండేది. పెట్టె అంటే చిన్న గది. చెక్క చట్రం, పైన రేకు, లోపల ఇద్దరు పట్టే పరుపు, ఒక గ్యాసు పొయ్యి, రెండు కిటికీలు. పైనున్న తెల్లరంగు ఎండకి పాడైపోయి, ఆనుకుంటే సున్నంలా బట్టలకంటుకునేది. సెలవు రోజుల్లో ఆయన దాన్నేసుకుని ఎడారులూ సముద్రాలూ తిరిగేవాడు. ఊరు మార్చితే నిద్ర పడుతుందేమోనన్న ఆశతో నేను కొన్నాను.

మా ఆవిడ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, కిటికీకున్న జాలీ వంక చూసి, "కోళ్ళగూడు కొన్నారేంటండీ?" అంది. ఆ పేరే ఖాయమైంది.

మొదటిసారి సిలా వైపు సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. చలికాలం మొదలు. ఆవిడ నైట్ డ్యూటీ దిగి అట్నుంచి అటే వచ్చింది. "ఓ పావుగంట నడుం వాలుస్తాను" అని పదింటికి గూట్లోకి ఎక్కింది. సాయంత్రం అయిదింటికి దిగింది. ఏడు గంటలు! నేను బయట మడత కుర్చీలో కూర్చుని, పొయ్యి వెలిగిస్తే చప్పుడవుతుందని టీ కూడా పెట్టుకోకుండా, ఆ ఏడు గంటలూ కాపలా కాశాను. ఆవిడ దిగి నిలబడ్డప్పుడు బుగ్గ మీద దిండు గీతలు పడి ఉన్నాయి. ఆ గీతలు చూసి నాకు కలిగిన సంతోషం మా అమ్మాయి పుట్టినప్పుడు కూడా కలగలేదంటే ఆ పిల్ల ఊరుకోదు, కానీ నిజం అదే.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆ కాపలాలో నేనొకటి గమనించాను. సముద్రపు గాలి వేసినప్పుడల్లా గూడు కొద్దికొద్దిగా ఊగుతోంది. అది ఊగినప్పుడు జాలీలోంచి చూస్తే ఆవిడ రెండుసార్లు పక్కకి తిరిగి పడుకుంది. నాకు వెంటనే అర్థమైపోయింది. నాకెప్పుడూ వెంటనే అర్థమైపోతుంది, అదే నాతో వచ్చిన చిక్కు. ఊగుతుంటేనే ఏడు గంటలు పడుకుంది, ఊగకపోతే పది గంటలు పడుకుంటుంది. లెక్క తేలిపోయింది.

ఇంటికి రాగానే పనిలోకి దిగాను. ఆ గూడు తొట్టిలోంచి ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు బిగింపులుంటాయి. గూటి అడుగు మూలన ఇనుప కొక్కెం, తొట్టి అంచున ఇంకో కొక్కెం, ఆ రెంటినీ కలుపుతూ టర్న్‌బకిల్. మధ్య భాగాన్ని తిప్పితే రెండు చివరలూ దగ్గరికి వచ్చి లాగి పట్టే సాధనం అది. మా సైట్లో రోజూ వాడేదే. కానీ ఆ ఇంజనీరు పెట్టినవాటిలో ఒక్కోదానికి బొటనవేలంత లావు స్ప్రింగు ఉంది. చేత్తో లాగితే కొంచెం సాగి మళ్ళీ ముడుచుకుంటోంది. నాకు నవ్వొచ్చింది. బరువు కట్టే చోట స్ప్రింగా? నాలుగూ ఊడదీశాను. సైట్లో వాడే రకం, స్ప్రింగులేని మొద్దు టర్న్‌బకిల్స్ కొనుక్కొచ్చి వేశాను.

మా ఆవిడ పక్కనే నిలబడి కాఫీ తాగుతోంది.

"ఆ ఇస్ప్రింగులు ఆయన ఊరికే పెట్టుంటాడంటారా? వాటికీ ఏదో పనుంటాది కదండీ."

"నీ సూదుల సంగతి నీకు తెలుసు, నా గొలుసుల సంగతి నాకు తెలుసు. నువ్వు కాఫీ తాగు."

ఆవిడ కాఫీ తాగింది. నేను స్ప్రింగులతో సహా పాతవి నాలుగూ ఖాళీ బాస్మతి బియ్యం సంచిలో వేసి టూల్‌బాక్సు అడుగున పడేశాను. బండి ఆపిన చోట కూడా కదలకూడదని నాలుగు జాకీలు కొన్నాను. ఆపగానే చాసిస్ కింద నాలుగు వైపులా పెట్టి ఎత్తితే ఇక గాలివాన వచ్చినా బండి ఊగదు.

రెండోసారి వెళ్ళాం. అదే ఒడ్డు, అదే గాలి. గూడు గోడలా నిలబడింది. నేను గర్వంగా కుర్చీ వేసుకున్నాను. నలభై నిమిషాలకి ఆవిడ తలుపు తీసుకుని దిగింది.

"ఏమైంది?"

"ఏమో. ఈసారి పట్టలేదు."

ఇంకెవరైనా అయితే తాము చేసిన మార్పు వైపు ఒకసారి చూసేవారు. నేను చూడలేదా అంటే చూశాను. చూసి, బిగింపు చాలలేదని తేల్చాను. ఎక్కడో ఇంకా సన్నగా అదురుతూ ఉండాలి. ఇంటికొచ్చి టర్న్‌బకిల్ మధ్యలో ఇనుప కడ్డీ దూర్చి, ఒంటి బరువంతా వేసి, ఒక్కోదానికి ఇంకో అరచుట్టు తిప్పాను. ముందువైపు ఎడమ మూల కిర్రుమంది. సర్దుకుంటోందిలే అనుకున్నాను.

మూడోసారి బయల్దేరేనాటికి ఆవిడకి మూడు రోజుల సెలవు దొరికింది. అది అయ్యాక నెలరోజులు ఐసీయూలో నైట్లు వేశారు. రెప్ప వాల్చడానికి వీల్లేని డ్యూటీ. బండెక్కే ముందు హ్యాండ్‌బ్యాగు తెరిచి మడతపెట్టిన కాగితం ఒకటి చూపించింది. రాజీనామా. తారీకు ఒక్కటే రాయలేదు.

"ఈ మూడు రోజుల్లో నిద్దరొస్తే వచ్చినట్టు. లేకపోతే ఆదివారం ఇది ఇచ్చేస్తానండీ. ఇంకోళ్ళ మంచం దగ్గర అలాంటి తప్పు చెయ్యలేను."

నేను వెళ్ళి గూటి నాలుగు మూలలూ మరోసారి తన్ని చూశాను. రాయిలా ఉంది. బయల్దేరాం.

సరిహద్దు వైపు పోయే పెద్ద లారీల మధ్య ముప్పావుగంట పోయాక, రోడ్డు పని కోసం దారి మళ్ళించిన చోట బండి పక్కకి ఒరిగి ఒక గుంతలో పడి లేచింది. వెనకాల నుంచి ఫట్‌మని శబ్దం. టైరు పేలిందనుకున్నాను. అద్దంలో చూస్తే గూటికీ బండికీ మధ్య ఆకాశం కనిపించింది. ఎడమ ముందు మూల పైకి లేచి గూడు మొత్తం ఒక పక్కకి వాలిపోయింది.

రోడ్డు పక్క ఇసుకలో ఆపి దిగాను. కొక్కెం విరగలేదు. టర్న్‌బకిల్ విరగలేదు. కొక్కేన్ని బిగించిన మరమేకులు చుట్టూ ఉన్న చెక్కతో సహా పెరుక్కుని వచ్చి, తొట్టి అంచున వేలాడుతున్నాయి. గూటి మూలలో నా పిడికిలి పట్టేంత బెజ్జం పడింది. అందులోంచి మా పరుపు అంచు కనిపిస్తోంది.

నేను తిట్టాను. ముందు రోడ్డుని, తర్వాత ఆ ఇంజనీరుని, తర్వాత చెక్కని, ఆ చెక్కను నరికినవాణ్ణి. మా ఆవిడ వెనక్కి వెళ్ళి సామాన్లలోంచి బెల్టులు తెచ్చి ఇచ్చింది. గూటి పై నుంచి బెల్టు వేసి కట్టి, నెమ్మదిగా నడుపుకుంటూ గయాతి ఊరికి మళ్ళాం. అక్కడి సనయ్యాలో, అంటే పారిశ్రామికవాడలో, వర్క్‌షాపులు వరసగా ఉంటాయి. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. ఒకరోజు అప్పుడే పోయింది, ఇంక రెండే ఉన్నాయని ఇద్దరికీ తెలుసు.

నాలుగు షాపుల వాళ్ళు చెక్క పని మాది కాదన్నారు. అయిదోవాడు పెషావర్ వైపు ముసలాయన. లారీలకి చెక్క బాడీలు కట్టే ఉస్తాద్. గడ్డానికి గోరింటాకు ఎరుపు, చెవి మీద పెన్సిలు. గూటి మూల దగ్గర గొంతుక్కూర్చుని బెజ్జంలోకి వేలు పెట్టి చూశాడు. టర్న్‌బకిల్‌ని రెండు వైపులా తిప్పి చూశాడు. తర్వాత తల ఎత్తి, దీని స్ప్రింగు ఏదని నన్ను అడిగాడు.

"ఇస్‌కా స్ప్రింగ్ కిధర్ హై?"

"నహీ థా" అన్నాను. అసలు లేదని. ఎందుకలా అబద్ధమాడానో నాకిప్పటికీ తెలీదు. పద్దెనిమిదేళ్ళ ఫోర్‌మాన్‌గిరీ ఒక్కసారిగా నోటికి అడ్డం పడింది.

బండి ముందు సీటులోంచి మా ఆవిడ గొంతు వినిపించింది, వార్డులో నేర్చిన హిందీలో. "హై భయ్యా. టూల్‌బాక్స్ మే హై. బాస్మతీ కా థైలీ మే, సబ్‌సే నీచే."

ఉస్తాద్ నా వైపు చూశాడు. నేను టూల్‌బాక్సు వైపు చూశాను. ఆయన పెద్దగా నవ్వి, "సిస్టర్ సబ్ జాన్‌తీ హై" అన్నాడు, సిస్టరుకి అన్నీ తెలుసని. ఆవిడ వేసుకున్న ఆసుపత్రి చొక్కా చూసే సిస్టర్ అని ఉంటాడు. నేను వెళ్ళి సంచి తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆ నాలుగు అడుగులూ వేయడానికి నాకు చాలాసేపు పట్టినట్టనిపించింది.

నా పని ఏమిటో అడిగి తెలుసుకున్నాక ఆయన నవ్వు ఇంకా పెద్దదైంది. పని చేస్తూనే నాకు పాఠం చెప్పాడు. నేను కట్టే బరువు ఒక పూట ప్రయాణం చేసి దిగిపోతుందట, ఇది ఎప్పుడూ బండి మీదే బతుకుతుందట. గుంతలో పడితే కింది ఇనుప చాసిస్ మెలితిరుగుతుంది, పైనున్న చెక్క మెలితిరగలేదు. రెంటినీ బిర్రుగా కలిపేస్తే ఇనుముకి ఏమీ కాదు, చెక్క చస్తుంది. వాళ్ళ ఊళ్ళో లారీ బాడీ బిగించేటప్పుడు కూడా ముందువైపు బోల్టులకి స్ప్రింగులు వేస్తారట. "థోడా సాఁస్ లేనే దో ఇస్‌కో" అన్నాడు. కాస్త ఊపిరి పీల్చుకోనివ్వమని.

ఇంకెవరైనా నాతో అలా మాట్లాడితే ఊరుకోను. ఆయన చేతుల పని చూస్తూ ఊరుకున్నాను. పగిలిన చెక్కని చతురస్రంగా కోసి తీసేశాడు. ఆ చోట గట్టి చెక్క ముక్క దిగ్గొట్టాడు. లోపల ఒక ఇనుప పలక, బయట ఒక ఇనుప పలక పెట్టి, మరమేకులు కాకుండా ఈ వైపు నుంచి ఆ వైపుకి దూరిపోయే బోల్టులు వేశాడు. నేను నట్లు పట్టుకున్నాను. తక్కిన మూడు మూలలు కూడా చూడమన్నాను. మూడింటిలోనూ కొక్కెం చుట్టూ సన్నటి పగుళ్ళు వచ్చి ఉన్నాయి. ఇంకో రెండు ప్రయాణాలు చేస్తే అవీ ఊడేవి. వాటికీ పలకలు వేయించాను.

మధ్యాహ్నం ముగ్గురం షాపు నీడలో కూర్చుని మా ఆవిడ తెచ్చిన పులిహోర తిన్నాం. ఆయన రెండోసారి పెట్టించుకున్నాడు. తర్వాత స్ప్రింగులున్న పాత టర్న్‌బకిల్స్ తగిలించి, చేత్తో తిప్పి, స్ప్రింగు కాస్త సాగగానే వదిలేశాడు. నా చెయ్యి దానంతటదే ఇనుప కడ్డీ వైపు పోయింది. ఆయన నా మణికట్టు మీద తట్టాడు. లేచి గూటిని భుజంతో ఒక తోపు తోశాడు. గూడు అటు ఊగి ఇటు వచ్చి నిలబడింది.

"ఇత్‌నా హిల్‌నా చాహియే. ఖలాస్."

ఇంత కదలాలి, అంతే. నా మాటనే తిరగేసి నాకే చెప్పాడని ఆయనకు తెలియదు. మా ఆవిడకు తెలుసు. ముఖం అటు తిప్పుకుని నవ్వింది. చాలా రోజులకి నవ్వింది.

ఒడ్డుకి చేరేసరికి పొద్దు వాలుతోంది. బండి ఆపి, అలవాటుగా జాకీల సంచి దింపాను. మొదటి జాకీ చాసిస్ కిందికి తోస్తుంటే వెనకాల వచ్చి నిలబడింది.

"అవి పెట్టకండి."

"ఊగుతుందే."

"ఊగనివ్వండి."

నేను ఇసుకలో మోకాళ్ళ మీదే ఉన్నాను. ఆవిడ బండి చక్రానికి ఆనుకుని కూర్చుంది.

"ఆ ఏడాదంతా కదలనివాటి మధ్యే తిరిగానండీ. రౌండుకెళ్తే మొహం చూసేదాన్ని కాదు, ముందు దుప్పటి చూసేదాన్ని. గుండెల మీద దుప్పటి కదుల్తుందా లేదా అని. కదలకపోతే అయిపోయినట్టే. ఇంటికొచ్చి పడుకుంటే గది కూడా అలాగే ఉండేది. పరదాలు కదలవు. ఫ్యాను లేదు. పక్కన మీరు ఊపిరి కూడా బిగబట్టుకుని పడుకుంటారు. ఎన్నిసార్లు లేచి మీ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశానో మీకు తెలుసా?"

నాకు తెలియదు.

"ఇది ఊగుతా ఉంటే నాకు బాగుంటాదండీ. ఏదో బతికే ఉన్నట్టుంటాది. ఇంక నేను చూడక్కర్లేదు అనిపిస్తాది. అప్పుడు కళ్ళు మూతలు పడతాయి."

"మరి ముందే చెప్పొచ్చు కదే!"

"చెప్తే వింటారా మీరు? కాఫీ తాగమన్నారు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. నిద్ర పట్టాలని నేను బిగించిన ప్రతిదీ, పరదాల నుంచి టర్న్‌బకిల్ దాకా, ఆవిడని తిరిగి ఆ వార్డులోకే తోసింది. అంత ప్రేమతో అంత మూర్ఖంగా ఎవరూ చేసి ఉండరు. ఆవిడ నా తల మీద చెయ్యేసి, "లెండి, మోకాళ్ళకి ఇసుక" అంది. జాకీలు సంచిలోకి వెళ్ళిపోయాయి.

కానీ ఆ రాత్రి గాలి లేదు. ఆకు కదిలితే ఒట్టు. ఆవిడ గంటకోసారి లేచింది.

మర్నాడు శుక్రవారం. తెల్లవారి గాలి లేచింది. టిఫిను తిని, తొమ్మిదిన్నరకి ఆవిడ గూట్లోకి ఎక్కింది. నేను కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గాలి వచ్చినప్పుడల్లా గూడు కొంచెం అటు, కొంచెం ఇటు. కొత్త పలక దగ్గర స్ప్రింగు కిచకిచమంటోంది. లేచి వెళ్ళి బిగించాలని నా చేతులు కొట్టుకున్నాయి. వాటిని తొడల కింద పెట్టుకున్నాను. పదకొండు అయింది. పన్నెండు అయింది. జాలీలోంచి ఆవిడ ఒక చెయ్యి పరుపు అంచు మీద నుంచి కిందికి వేలాడుతూ కనిపిస్తోంది, వేళ్ళు తెరుచుకుని. బాగా నిద్రపోయేవాళ్ళ చెయ్యి అది.

ఒంటిగంట వేళ గాలి పడిపోయింది.

సముద్రం నూనె పోసినట్టు చదునైపోయింది. స్ప్రింగు చప్పుడు ఆగిపోయింది. గూడు నిలబడిపోయింది. అయిదు నిమిషాలు గడిచాయో లేదో, వేలాడుతున్న చెయ్యి లోపలికి వెళ్ళింది. ఆవిడ అటు పొర్లింది, ఇటు పొర్లింది. ఇంకాసేపట్లో లేచి కూర్చుంటుంది. నాకు తెలుసు, ఆ పొర్లడం ఆరు నెలలుగా చూస్తున్నాను. హ్యాండ్‌బ్యాగు నా కుర్చీ పక్కనే ఉంది. లోపల తారీకు లేని కాగితం ఉంది.

నేను లేచాను. చెప్పులు విప్పేశాను, ఇసుకలో చప్పుడు కాకుండా. గూటి పక్కకి వెళ్ళి, ముందు ఎడమ మూల దగ్గర, ఉస్తాద్ వేసిన పలక పైన భుజం ఆనించాను. మెల్లగా తోశాను. వదిలాను. మళ్ళీ తోశాను. గాలి ఎలా తోస్తుందో గుర్తు తెచ్చుకుని, ఒకసారి గట్టిగా, రెండుసార్లు నెమ్మదిగా. స్ప్రింగు కిచకిచమంది. లోపల పొర్లడం ఆగింది.

ఎంతసేపు తోశానో తెలీదు. నీడ చక్రం దాటి ఇవతలికి వచ్చింది. ఎడమ భుజం మొద్దుబారితే కుడి భుజం పెట్టాను. దూరంగా వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు కాసేపు నన్నే చూసి, పిచ్చివాడనుకుని తల తిప్పుకున్నారు. మా సైటు వాళ్ళెవరైనా చూసి ఉంటే మర్నాటి నుంచి నేను పనిలోకి వెళ్ళగలిగేవాణ్ణి కాదు. ఏ మూడుకో సముద్రం మీద గీతలు పడటం మొదలైంది. గాలి వచ్చి నా చేతిలో పని అందుకుంది.

ఆ కాగితం సంగతి నేను అడగలేదు. ఆదివారం డ్యూటీకి వెళ్తూ ఆవిడే దాన్ని వంటింటి చెత్తబుట్టలో వేయడం చూశాను. ఇప్పటికీ అదే ఆసుపత్రిలో ఉంది. ఇంట్లో పరదాలు తీసేశాం, ఫ్యాను మళ్ళీ పెట్టించాను, పక్కన నేను ఇష్టమొచ్చినట్టు పొర్లుతూ గురక పెడుతున్నాను. కొన్ని రోజులు నిద్ర పడుతుంది, కొన్ని రోజులు పట్టదు. పట్టని వారం గూడేసుకుని ఒడ్డుకి పోతాం.

ఆ శుక్రవారం మాత్రం ఆవిడ లేచేసరికి అయిదున్నర అయింది. బుగ్గ నిండా దిండు గీతలు. నేను టీ పెట్టాను. గ్లాసు అందుకుని, సముద్రం వంక చూసి, ఒళ్ళు విరుచుకుంది.

"మజ్జానం మంచి గాలేసినట్టుందండీ?"

"ఆఁ, బానే వేసింది."

ఆవిడ నా వైపు తిరిగింది. నా చొక్కా రెండు భుజాల మీదా గూటి తెల్లరంగు సున్నంలా అంటుకుని ఉంది. నేను చూసుకోలేదు. ఆవిడ చూసింది. టీ గ్లాసు పక్కన పెట్టి, ముందు ఎడమ భుజం దులిపింది, తర్వాత కుడి భుజం దులిపింది.